ఒక యూపీఎస్, నాలుగు బ్యాటరీలు: ఏడేళ్ళ వాడకం తరువాత

తెనాలిలో నేను నడిపే డీటీపీ సెంటర్‌లో 2018 జూన్ నుంచి ఒకే యూపీఎస్, అంటే కరెంటు పోగానే కంప్యూటర్‌ను బ్యాటరీతో కాసేపు నడిపే పెట్టె, పనిచేస్తోంది. సామర్థ్యం 600 వీఏ (వోల్ట్ ఆంపియర్లు), రకం లైన్ ఇంటరాక్టివ్, తయారీ దేశమంతా దొరికే ఒక పేరున్న కంపెనీది, కొన్న ధర 2,600 రూపాయలు. ఈ ఏడేళ్ళలో పెట్టె మారలేదు, లోపల బ్యాటరీ మాత్రం ఇప్పుడున్నది నాలుగోది. కొనబోయేవారు సాధారణంగా పెట్టె గురించే అడుగుతారు: ఏ కంపెనీ, ఎన్ని వీఏ, వెనకాల ఎన్ని సాకెట్లు అని. నేను రాయదలచుకున్నది ఎక్కువగా బ్యాటరీ గురించి, ఎందుకంటే ఈ యంత్రం నన్ను ఆదుకున్న ప్రతిసారీ, చేతులెత్తేసిన ఆ ఒక్కసారీ కూడా కారణం అదే.

ముందుగా పెట్టెకు దక్కవలసిన మెప్పు. మా వీధిలో వేసవి సాయంత్రాలు ఏసీలన్నీ ఒక్కసారిగా నడవడం మొదలుపెట్టగానే వోల్టేజి 185కి దిగిపోతుంది, అర్ధరాత్రి దాటాక 250 దాకా ఎక్కుతుంది. లైన్ ఇంటరాక్టివ్ రకంలో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కనుక, ఈ హెచ్చుతగ్గులను బ్యాటరీని ముట్టుకోకుండానే సరిచేస్తుంది. అలా సరిచేసేటప్పుడు లోపల రిలే అనే స్విచ్ టిక్కుమంటుంది. కొత్తలో ఆ చప్పుడు విని ఏదో పాడైపోతోందని కంగారుపడేవారు చాలామంది ఉంటారు, అది పని జరుగుతున్న చప్పుడే. కరెంటు పూర్తిగా పోయినప్పుడు బ్యాటరీ వైపు మారడానికి ఈ తరగతి యూపీఎస్‌లకు సుమారు 6 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. కంప్యూటర్ భాగాలకు కరెంటును తగినట్టు మార్చి ఇచ్చే పెట్టెను ఎస్ఎంపీఎస్ అంటారు, మంచి ఎస్ఎంపీఎస్ తనలో దాచుకున్న శక్తితో దాదాపు 16 మిల్లీసెకన్లు నిలబడగలదు కనుక ఆ మార్పు తెరమీద తెలియదు. బ్యాటరీ బాగున్న రోజుల్లో నాకు ఒక్కసారి కూడా తెలియలేదు.

600 వీఏ అంటే 600 వాట్లు కాదన్న సంగతి మాత్రం అమ్మేవారు విడమరచి చెప్పరు. నా యూపీఎస్ వెనక చిన్న అక్షరాలతో 360 వాట్లు అని రాసి ఉంది, మనం లెక్కవేసుకోవలసింది ఆ అంకెనే. నా కంప్యూటర్, 22 అంగుళాల మానిటర్ కలిపి 110 నుంచి 120 వాట్లు తీసుకుంటాయి కనుక నాకు సరిపోయింది. లేజర్ ప్రింటర్‌ను దీనికి కలపకూడదు. కాగితం మీద పొడి అతుక్కోవడానికి ప్రింటర్‌లోని వేడి రోలర్ ఉన్నట్టుండి వందల వాట్లు లాగుతుంది, ఆ దెబ్బకు చిన్న యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి అన్నిటినీ ఒకేసారి ఆపేస్తుంది. ప్రింటర్ గోడకున్న ప్లగ్‌లోనే ఉండాలి. కాగితం మధ్యలో ఆగినా మళ్ళీ తీసుకోవచ్చు, ఫైలు పోతే అలా కుదరదు.

ఫైలు పోయిన రోజు 2020 డిసెంబర్ మొదటి వారంలో వచ్చింది. ఒక భజన సమాజంవారు ధనుర్మాసం నాటికి కావాలని 96 పుటల కీర్తనల పుస్తకం కంపోజింగ్‌కు ఇచ్చారు. పేజ్‌మేకర్ అనే పుటలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేస్తున్నాను. సాయంత్రం 6 గంటల ప్రాంతంలో ఫైలు సేవ్ చేస్తుండగా కరెంటు పోయింది. యూపీఎస్ బీప్ మనలేదు. బ్యాటరీ వైపు మారి ఒకటి రెండు నిమిషాలైనా నిలబడాల్సిన యంత్రం కన్నుమూసి తెరిచేలోగా ఆరిపోయింది. అంతకు ఒక్క క్షణం ముందు దాని మీద పచ్చలైటు నిండుగా వెలుగుతూనే ఉంది. కరెంటు వచ్చాక ఆ ఫైలు తెరుచుకోలేదు, మూడు రోజుల కిందటి కాపీలో 55 పుటలే ఉన్నాయి. మిగిలిన 41 పుటలు రెండు రాత్రులు కూర్చుని మళ్ళీ కొట్టాను. ప్రూఫులు దిద్దే పెద్దాయన తాను అప్పటికే దిద్దిన పుటలను మళ్ళీ మొదటినుంచి దిద్దవలసి వచ్చింది, ఆయన చూపు అంతంత మాత్రం. ఆ రెండు రాత్రుల శ్రమకన్నా ఆయనను కష్టపెట్టినందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

పచ్చలైటు అబద్ధం ఎందుకు చెప్పిందో తెలుసుకోవాలని మల్టీమీటర్ కొన్నాను. ఇలాంటి యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీ ఎంత దాచుకోగలదో చెప్పే కొలత) సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ, అంటే ఒక్కొక్కటి 2 వోల్టులిచ్చే ఆరు గదులు వరుసగా కలిపినది. గోడకు కలిపి ఉన్నంతసేపూ ఛార్జర్ దానిని 13.5, 13.8 వోల్టుల మధ్య నిలిపి ఉంచుతుంది. యూపీఎస్ చూసేది ఆ వోల్టేజినే, అది సరిగా ఉంటే పచ్చలైటు వెలిగిస్తుంది. ముసలిదైపోయిన బ్యాటరీ కూడా ఆ అంకెను చక్కగా చూపగలదు, దానికి చేతకానిది కరెంటు ఇవ్వడం. కంప్యూటర్, మానిటర్‌ల 120 వాట్ల లోడ్ (బరువు) పడినప్పుడు, మార్పిడిలో పోయే నష్టంతో కలిపి బ్యాటరీనుంచి ఇంచుమించు 12 ఆంపియర్లు రావాలి. పలకలు పాడై లోపలి నిరోధం పెరిగిన బ్యాటరీ ఆ బరువు పడగానే కుప్పకూలుతుంది. నా పాత బ్యాటరీ బయటకు తీసినప్పుడు లోడ్ లేకుండా 12.7 వోల్టులు చూపింది, లోడ్ కలిపిన మూడు సెకన్లలో 8కి జారింది. సుమారు 10.5 దగ్గర యూపీఎస్ తనంతట తానే ఆగిపోయేలా ఉంటుంది కనుక బీప్ మనడానికి కూడా దానికి వ్యవధి దొరకలేదు. కాబట్టి పచ్చలైటును, లోడ్ లేనప్పుడు మీటర్‌లో కనబడే వోల్టేజిని నమ్మి బ్యాటరీ బాగుందనుకోకండి.

ఇక్కడ తయారీదారుపై నాకున్న ఫిర్యాదు చెప్పాలి. రెండు మూడేళ్ళకు ఒకసారి తప్పనిసరిగా మార్చవలసిన వస్తువు కోసం అడుగున ఒక చిన్న తలుపు పెట్టి ఉండవచ్చు, పెట్టలేదు. నాలుగు స్క్రూలు లోతైన గుంటల్లో ఉన్నాయి, మామూలు స్క్రూడ్రైవర్ వాటిని అందుకోదు, ఒక స్క్రూ మీద వారంటీ స్టిక్కర్ అంటించారు. లోపల బ్యాటరీని రెండు వైపులా టేపుతో అతికించారు. బ్యాటరీ బలహీనపడిందని చెప్పే ప్రత్యేకమైన లైటు లేదు. రెండేళ్ళ వారంటీ బ్యాటరీకి కూడా వర్తిస్తుందని పుస్తకంలో ఉంది, మా ఎండల్లో బ్యాటరీ ప్రాణం కూడా దాదాపు అంతే కనుక ఆ వారంటీ ముగిసిన ఆరు నెలలకు నా మొదటి బ్యాటరీ ముగిసింది. ఇదే ధరలో ఉన్న ఇంకో రెండు మూడు కంపెనీల పెట్టెలు మిత్రుల దగ్గర విప్పి చూశాను, అమరిక దాదాపు ఇదే. కొంచెం ఎక్కువ ధర పెట్టగలిగినవారు అడుగున బ్యాటరీ తలుపు ఉన్నది, బ్యాటరీ మార్చమని హెచ్చరించే లైటు ఉన్నది కొనుక్కోవడం మంచిదని నా అభిప్రాయం.

రెండో బ్యాటరీ విషయంలో నేను మోసపోయాను. కంపెనీ సర్వీస్ సెంటర్‌వారు బ్యాటరీ తెప్పించడానికి పది రోజులు పడుతుందన్నారు, కీర్తనల పుస్తకం అచ్చుకు వెళ్ళవలసిన రోజులు. దగ్గరలో ఒక కంప్యూటర్ విడిభాగాల దుకాణంలో 650 రూపాయలకు ఎప్పుడూ వినని పేరుతో ఒక బ్యాటరీ దొరికింది. పెట్టగానే 11 నిమిషాల బ్యాకప్ ఇచ్చింది, నాలుగో నెలకు 5 నిమిషాలు, తొమ్మిదో నెలకు పూర్తిగా సున్నా. తీసి చూస్తే పక్కలు బొద్దుగా ఉబ్బి, పెట్టెలోనుంచి లాగడానికి కూడా రాలేదు. అనుమానం వచ్చి పక్కనే ఉన్న కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను: 1 కిలో 550 గ్రాములు. మొదటి బ్యాటరీని పారేయకుండా మూల దాచి ఉంచాను, అది 2 కిలోల 150 గ్రాములు తూగింది. రెండింటి మీదా 7 ఏహెచ్ అనే రాసి ఉంది, కొలతలు కూడా ఒకటే. ఆ 600 గ్రాముల తేడా చాలావరకు సీసం తక్కువ కావడమే. సీసం బ్యాటరీలో శక్తిని దాచేది పలకలే కనుక, పలకల్లో తగ్గిన ప్రతి గ్రాము మనకు నిమిషాల్లో తగ్గుతుంది. దుకాణం ఆయన్ను అడిగితే, “లేబుల్ చూడండి సార్, ఏడు ఏహెచ్ అనే కదా ఉంది, కంపెనీ వాడు రాసిందే మేమిస్తాం” అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు, లేబుల్ మీద అలాగే ఉంది. అప్పటినుంచి నేను లేబుల్ చదవడం కన్నా ముందు బ్యాటరీని చేత్తో ఎత్తి చూస్తున్నాను, వీలుంటే కాటా మీద పెట్టిస్తున్నాను. రెండు కిలోలకు బాగా తక్కువ తూగే 7 ఏహెచ్ బ్యాటరీని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోను.

బరువుతో పాటు చూడవలసింది తయారీ నెల. ఈ బ్యాటరీ అరలో ఊరికే కూర్చున్నా ఖర్చైపోతూనే ఉంటుంది, 25 డిగ్రీల దగ్గర నెలకు సుమారు 3 శాతం, వేడిలో అంతకు మించి. ఆరు నెలలకు ఒకసారైనా ఛార్జి చేయకుండా వదిలేస్తే సీసపు పలకల మీద సల్ఫేట్ గట్టి స్ఫటికాలుగా పేరుకుంటుంది, ఆ తరువాత ఎంత ఛార్జి చేసినా పోయిన సామర్థ్యం పూర్తిగా తిరిగిరాదు. ఏడాదిన్నర దుమ్ము పట్టిన సరుకును కొత్తదని కొన్నవారు అందుకే ఆరు నెలలకే వాపోతుంటారు. ఎక్కువ అమ్ముడుపోయే దుకాణంలో కొంటే తాజా సరుకు దొరుకుతుంది.

మూడోది 2021 అక్టోబరులో గుంటూరులో, బ్యాటరీలు మాత్రమే అమ్మే ఒక దుకాణంలో 1,050 రూపాయలకు తీసుకున్నాను. తిరుపతి కేంద్రంగా ఉన్న అమరరాజా వారి అమరాన్ క్వాంటా, తయారై రెండు నెలలే అయింది. దుకాణం యజమాని అడగకుండానే దానికి లోడ్ టెస్టర్ పెట్టి నాకు ముల్లు చూపించి, బిల్లు మీద బ్యాటరీ నంబరు రాసి, ముద్ర వేసి ఇచ్చారు. “పెట్టిన వెంటనే వాడకండి, రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచి పొద్దున చూడండి” అని చెప్పారు. ఆ మాట విలువైనది, ఎందుకంటే పూర్తిగా ఖాళీ అయిన ఈ బ్యాటరీ చిన్న యూపీఎస్‌లోని ఛార్జర్‌తో నిండడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఒకసారి కరెంటు పోయి వచ్చిన అరగంటకే మళ్ళీ పోతే రెండోసారి బ్యాకప్ తక్కువ రావడానికి కారణం కూడా అదే, అది బ్యాటరీ లోపం కాదు. ఈ మూడో బ్యాటరీ 2024 జూన్ దాకా, అంటే రెండేళ్ళ ఎనిమిది నెలలు నమ్మకంగా పనిచేసింది. నాలుగోది కూడా అదే దుకాణంలో, అదే రకం, 1,180 రూపాయలు. పాత బ్యాటరీ ఇచ్చినందుకు 120 రూపాయలు తగ్గించారు.

మూడోది మొదటిదానికన్నా రెండు నెలలు ఎక్కువ రావడానికి కంపెనీ ఒక్కటే కారణమని నేను అనుకోవడం లేదు. మొదటి బ్యాటరీ ఉన్నన్నాళ్ళూ యూపీఎస్ బల్ల కింద, కంప్యూటర్ వెనకనుంచి వేడిగాలి కొట్టే చోట, గోడకు ఆనించి ఉండేది. మాది పైన రేకులున్న గది. మే నెల మధ్యాహ్నం బయట 43, 44 డిగ్రీలుంటే ఆ మూల అంతకన్నా తక్కువ ఉండదు. ఈ రకం బ్యాటరీల ఆయుష్షును 25 డిగ్రీల దగ్గర లెక్కగట్టి చెబుతారు. ఆపైన పెరిగే ప్రతి 8 నుంచి 10 డిగ్రీలకు అది సగానికి పడిపోతుందన్నది బ్యాటరీల వారందరూ ఒప్పుకునే లెక్క. బ్యాటరీ వచ్చిన అట్టపెట్టె మీద మూడు నుంచి అయిదేళ్ళు అని చదివి మన ఊళ్ళలో రెండున్నరేళ్ళకే పోయిందని కంపెనీని తిట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. 2021లో యూపీఎస్‌ను కిటికీ పక్క ఎత్తు పీట మీదికి మార్చి, చుట్టూ జానెడు ఖాళీ వదిలాను. గాలి రంధ్రాల్లో చేరే దుమ్మును నెలకొకసారి పొడిబ్రష్‌తో తీస్తున్నాను. ఈ రెండు పనులకూ పైసా ఖర్చు కాలేదు.

నెలనెలా పరీక్ష చేసే అలవాటు కూడా అప్పుడే మొదలైంది. ప్రతి నెలా 1వ తేదీ పొద్దున్న, పని మొదలుకాకముందు, యూపీఎస్‌కు కంప్యూటర్ బదులు 60 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బులు రెండు కలుపుతాను. రెండూ ఒక చెక్క మీద హోల్డర్లతో బిగించి ఉన్నాయి, కలిపి నా కంప్యూటర్ లోడ్‌కు సరిగ్గా సరిపోతాయి. గోడ దగ్గర స్విచ్ ఆపి ఫోన్‌లో గడియారం నొక్కుతాను. బల్బులు ఆరిపోయేదాకా ఎదురుచూడను, బ్యాటరీ అయిపోవస్తోందని బీప్‌లు వేగంగా కొట్టడం మొదలవగానే కరెంటు మళ్ళీ ఇస్తాను, ఎందుకంటే పూర్తిగా పిండెయ్యడం కూడా బ్యాటరీ ఆయుష్షును తినేస్తుంది. వచ్చిన నిమిషాలను గోడమీద క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాస్తాను. మూడో బ్యాటరీ మొదటి నెల 16 నిమిషాలు, ఏడాదికి 14, రెండేళ్ళకు 10, ఆఖరి మూడు నెలల్లో 9, 8, 6. తగ్గుదల మొదట్లో నెమ్మదిగా ఉండి చివర్లో జారుడుబల్ల ఎక్కినట్టు ఉంటుందని ఆ గడులు చూస్తే అర్థమవుతుంది. సామర్థ్యం 80 శాతానికి పడిపోతే మార్చమని పెద్ద డేటా సెంటర్లవాళ్ళు పాటించే నియమం. నా అవసరానికి అంత కచ్చితం అక్కరలేదు, పెద్ద ఫైలు సేవ్ చేసి, కంప్యూటర్‌ను పద్ధతిగా మూయడానికి నాకు మూడు నిమిషాలు చాలు, దానికి రెట్టింపు దగ్గర మార్చేస్తాను. ఈ పరీక్షను తెరిచి ఉన్న ఫైళ్ళతో, పని జరుగుతున్న కంప్యూటర్ మీద మాత్రం చేయవద్దు.

స్వయంగా మార్చదలచినవారికి జాగ్రత్తలు. గోడనుంచి ప్లగ్ తీసినంత మాత్రాన సరిపోదు, యూపీఎస్ ఆన్‌లో ఉంటే దాని సాకెట్లలో 230 వోల్టులు ఉంటాయి, కనుక ముందు దానిని ఆపి ఆ తరువాత ప్లగ్ తీసి, కొద్ది నిమిషాలు వదిలేయాలి. చేతి ఉంగరాలు, గడియారం తీసేయాలి. 12 వోల్టులు షాక్ కొట్టకపోయినా, రెండు టెర్మినల్స్ మధ్య ఉంగరం తగిలితే ఎర్రగా కాలి వేలు పోతుంది. నల్ల తీగ ముందు తీసి, ఎర్ర తీగ తరువాత తీయాలి, పెట్టేటప్పుడు ఎర్రది ముందు పెట్టాలి. చివరి తీగ తగిలిస్తున్నప్పుడు చిటుక్కుమని చిన్న రవ్వ వస్తుంది, లోపలి కెపాసిటర్లు నిండడం వల్ల వచ్చేదే అది. ఎర్ర, నల్ల తీగలు తారుమారైతే మాత్రం బోర్డు కాలిపోవచ్చు, తీగలు విప్పేముందే ఫోన్‌తో ఒక ఫొటో తీసి పెట్టుకోండి. ఇంకొక చిన్న విషయం, 7 ఏహెచ్ బ్యాటరీలు రెండు రకాల టెర్మినల్స్‌తో వస్తాయి, పట్టీ వెడల్పు కొన్నిటికి 4.8 మిల్లీమీటర్లు, కొన్నిటికి 6.3. వెడల్పు తీగ క్లిప్పును సన్న పట్టీకి తగిలించి నొక్కి సరిపెడితే వదులుగా ఉండి వేడెక్కుతుంది. పాత బ్యాటరీని వెంట తీసుకువెళ్ళి కొంటే ఈ చిక్కు రాదు. రెండు బ్యాటరీలుండే పెద్ద యూపీఎస్ అయితే రెండింటినీ ఒకేసారి, ఒకే తయారీ నెలవి మార్చాలి. ఒకటి కొత్తది ఒకటి పాతది పెడితే పాతది కొత్తదాన్ని కూడా లాగేస్తుంది.

బ్యాకప్ గంటసేపు రావాలని ఆశపడి ఈ చిన్న పెట్టెకు బయటనుంచి పెద్ద బ్యాటరీ కలిపించుకునేవారిని మా ఊళ్ళోనే నలుగురిని చూశాను. ఇందులోని ట్రాన్స్‌ఫార్మర్, దాని వేడిని పోగొట్టే అమరిక పావుగంట పనికే తయారైనవి. గంటసేపు నడిపిస్తే లోపల కాలిన వాసన వస్తుంది. పైగా చిన్న ఛార్జర్ పెద్ద బ్యాటరీని నింపడానికి రోజులు పడుతుంది. ఎక్కువసేపు పని చేయవలసినవారు ఇంటి ఇన్వర్టర్ వైపు చూడాలి. అందులో కూడా వెనక ఉండే మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టుకోవాలి, మామూలు మోడ్‌లో అది మారడానికి తీసుకునే వ్యవధిలో ఫ్యానుకు ఏమీ కాదు కానీ కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది.

పాడైన బ్యాటరీని చెత్తలో వేయవద్దని ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను. మా వీధి చివర పాత సామాన్లవాళ్ళు సీసం కోసం వీటిని సుత్తితో పగలగొట్టి లోపలి ఆసిడ్‌ను మురుగుకాలవలో వంపడం నా కళ్ళతో చూశాను, పక్కనే పిల్లలు ఆడుకుంటున్నారు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి సేకరించే బాధ్యత తయారీదారుల మీద ఉంది. కొత్తది కొన్న దుకాణంలోనే పాతది ఇచ్చేస్తే చాలు, పైగా డబ్బు తగ్గిస్తారు.

ఏడేళ్ళ లెక్క వేస్తే పెట్టెకు 2,600, మూడు కొత్త బ్యాటరీలకు 2,880, మొత్తం 5,480 రూపాయలు. అందులో వృథా అయినవి ఆ 650 మాత్రమే. తలుపు లేకపోవడం, హెచ్చరిక లైటు లేకపోవడం వల్ల ఈ పెట్టెకు అయిదుకు మూడున్నర ఇస్తాను, గుంటూరు బ్యాటరీ దుకాణానికి మనసారా అయిదుకు అయిదూ ఇస్తాను. నాలుగో బ్యాటరీ ఈ నెల 1వ తేదీన 13 నిమిషాల 20 సెకన్లు నిలబడింది, క్యాలెండర్‌లో రాశాను.